ఇటుకల పండగ గేటు దగ్గర మా చిట్టి

అరకు వెళ్లొచ్చామని చెప్పగానే మా కాలేజీ స్టాఫ్‌రూములో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, బొర్రా గుహలు చూశారా అని. చూడలేదు. రెండోది, బొంగులో చికెన్ తిన్నారా అని. తిన్నాం, దాని సంగతి తర్వాత చెబుతాను. మూడో ప్రశ్న ఎవరూ నోరు తెరిచి అడగలేదు గానీ అందరి మొహాల్లోనూ కనబడింది. అలాంటి పిల్లని పెట్టుకుని కొండలెక్కడం ఏమిటయ్యా అని. అదే ప్రశ్న బయల్దేరే ముందు నేను మా ఆవిడ రాధని అడిగాను, అడిగి చివాట్లు తిన్నాను.

మా చిట్టికి ఆరో ఏడు నడుస్తోంది. మూడేళ్లప్పుడు దాని తల వెనక, చిన్నమెదడులో, గడ్డ ఉందని తెలిసింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి తీసేశారు. గడ్డల్లో ఇది మంచి రకం అన్నారు డాక్టరు. గడ్డలో మంచేమిటో నాకు ఇప్పటికీ బోధపడదు గానీ, ఆ మాట పట్టుకునే బతికాం. ఆపరేషన్ తర్వాత పిల్లకి మాట పోయింది. అంతకుముందు నోరు మూస్తే ఒట్టు, అలాంటిది వారాల తరబడి కళ్లప్పగించి చూడ్డమే. ఒకరోజు "నీళ్లు" అంది. రాధ ఆ గ్లాసు ఇప్పటికీ ఎవర్నీ ముట్టుకోనివ్వదు.

ఇప్పుడు మాట్లాడుతుంది, మాటకీ మాటకీ మధ్య ఆగి ఊపిరి తీసుకుని. నడుస్తుంది, కాళ్లు ఎడంగా వేసి, నా చిటికెన వేలు పట్టుకుని. ఆ వేలు లాక్కుంటే ఎక్కడున్నది అక్కడే నిలబడిపోతుంది. జూన్‌లో ఒకటో తరగతిలో వెయ్యాలి. "తరగతి గదికి ఒక్కతే వెళ్లగలదా సార్?" అని హెడ్‌మిస్ట్రెస్ అడిగింది.

ఆరు నెలలకోసారి స్కాను. గడ్డ మళ్లీ వస్తే ఎలా తెలుస్తుందని అడిగితే డాక్టరు ముక్తసరిగా చెప్పారు: "పొద్దున్న లేవగానే వాంతి అయితే ఆలోచించకండి, తీసుకొచ్చెయ్యండి." మొదటిసారీ అలాగే మొదలైంది. అప్పుడు మేమంతా అజీర్తి అనుకున్నాం. వాము నీళ్లు పట్టాం, మా పిన్ని దిష్టి తీసింది.

స్కానుకి ముందు వారం మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. ఈసారి ఆ వారం ఏప్రిల్లో వచ్చింది. "ఇక్కడుంటే మీ మొహం చూసి నాకు పిచ్చెక్కిపోద్ది. ఎస్తేరు ఎప్పట్నించో పిలుస్తంది, పోదాం," అంది రాధ. ఎస్తేరు తనతో బీఈడీ చదివింది, హుకుంపేట దగ్గర ఆశ్రమ పాఠశాలలో టీచరు. పైగా ఫిజియోథెరపీ అమ్మాయి కూడా "ఎప్పుడూ టైల్సు మీదేనా, కాస్త మట్టిలో, ఎగుడుదిగుళ్లలో నడిపించండి సార్," అని పోరుతూనే ఉంది. ఇద్దరాడవాళ్లు ఒకటైతే నేనెంత. విజయనగరంలో తెల్లారగానే కారు తీశాను.

శృంగవరపుకోట

కొండ ఎక్కే ముందు అందరూ ఆగేది ఇక్కడే. ఇడ్లీ బాగుంది, అల్లం చట్నీ ఇంకా బాగుంది, మా ఊళ్లో కంటే చవక. నేను మాత్రం ఇడ్లీ చల్లారిపోతున్నా చిట్టికి పరీక్ష పెడుతున్నాను. డాక్టరు నేర్పిన పరీక్ష అది. పిల్ల తన వేలితో తన ముక్కు ముట్టుకోవాలి, తర్వాత నేను చాపిన వేలి కొసని ముట్టుకోవాలి. మళ్లీ ముక్కు, మళ్లీ వేలు. చిన్నమెదడు సరిగ్గా ఉంటే గురి తప్పదు. నేను ఫిజిక్సు చెప్పేవాణ్ణి, కొలిచి చూడందే ఏదీ నమ్మను. రోజుకి ఎన్నిసార్లు చేయిస్తానో రాధని అడిగితే బాధగా చెబుతుంది.

టీ కాసే ఆవిడ గరిటె పట్టుకుని కాసేపు మమ్మల్నే చూసింది.

"ఏటి బాబూ, గుంట సేత ఏటి సేయిత్తన్నావు?"

"ఆటమ్మా," అన్నాను.

"గుంట నవ్వట్లేదు కదా. ఇదేటి ఆట?"

రాధ మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది. చిట్టి వేలు ఆ పూట గురి తప్పలేదు, కొంచెం అటూ ఇటూ ఊగి నా వేలిని చేరింది. ఆ ఊగడం మామూలే, అది మాకు అలవాటే.

ఘాట్ రోడ్డు

ఘాట్ మీద పిల్ల వాంతి చేసుకుంటే అది మలుపుల వాంతో, మరొకటో ఎలా తెలుస్తుంది? బయల్దేరిన దగ్గర్నుంచీ నా బుర్రలో ఇదే. వాంతి రాకుండా మాత్ర వేద్దామంటే నేనే ఒద్దన్నాను. మాత్ర మత్తెక్కిస్తుంది, అప్పుడా మత్తు మాత్రదా తలదా అని ఇంకో అనుమానం. అందుకని రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, ప్రతి మలుపు దగ్గరా అద్దంలోంచి వెనక సీటు చూస్తూ, ఎదురొచ్చే బస్సు డ్రైవర్ల చేత తిట్లు తింటూ ఎక్కాను.

చివరికి కక్కింది రాధ. అనంతగిరి ఇంకా రాకుండానే, రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని, పక్కన ఆగిన టూరిస్టు బస్సులోని ఆడవాళ్లతో పాటు. వాళ్లూ తనూ పరిచయాలు చేసుకుని నిమ్మకాయలు పంచుకున్నారు. చిట్టి మాత్రం కిటికీకి గడ్డం ఆనించి ఆ తతంగమంతా చూసింది.

"అమ్మ... కక్కింది," అంది తీరుబడిగా.

ఆ మాట విని నాకెంత బలమొచ్చిందంటే, అనంతగిరిలో కాఫీ తోటల పక్కన బండి ఆపి మిరియాల తీగలన్నీ వివరంగా చూపించాను. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియం. కాఫీ తాగాం. గింజ ఇక్కడే పండుతుంది, కాఫీ ధర మాత్రం విశాఖ బీచి రోడ్డు ధరే.

అరకు

బొంగులో చికెన్ గురించి ఇప్పుడు. పచ్చి వెదురు గొట్టంలో మసాలా పట్టించిన కోడి కూరి, ఆకుతో మూతి బిగించి నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క ఉండదు. నేను మగతనం చూపిద్దామని వేడి గొట్టాన్ని చేత్తో వంచాను, సగం చొక్కా మీద పడింది. అమ్మేవాడు జాలిపడి అడ్డాకు దొన్నెలో ఇంకో నాలుగు ముక్కలు వేశాడు. బేరం ఆడి తగ్గించలేనిది చొక్కా తగలేసి సంపాదించాను.

చిట్టి తిని "ఇంకా," అంది.

ఈ మాట ఎంత గొప్పదో చదివేవాళ్లకి చెప్పాలి. ఆపరేషన్ తర్వాత చాన్నాళ్లు మింగడం కష్టమైంది దానికి. తర్వాత తిండంటే భయం పట్టుకుంది. రెండేళ్లుగా ప్రతి ముద్దా బతిమాలి, బెదిరించి, కాకి వచ్చిందని కథ చెప్పి పెట్టినదే. నేను, రాధ ఒకరి మొహం ఒకరు చూసుకుని మా ముక్కలు కూడా దాని దొన్నెలో వేశాం.

ఎస్తేరు వాళ్ల ఊరు

హుకుంపేట దారిలో తారు వదిలి మట్టిరోడ్డు పట్టుకుని వెళ్లాం. ఎర్రమట్టి పూసిన అరుగులు, ఇళ్ల వెనక పసుపు మళ్లు, వాటి వెనకనే కొండ. ఎస్తేరు ఎదురొచ్చి, "అన్నయ్యా, ఎంతసేపటికి వచ్చావు! దా, కాళ్లు కడుక్కో," అంది. మావైపు స్నేహితురాలి మొగుణ్ణి ఇలా నువ్వు అంటే పెళ్లిళ్లు ఆగిపోతాయి. ఇక్కడ పెద్దా చిన్నా, ఆఫీసరూ కూలీ, అందరూ నువ్వే. వాళ్లమ్మ, చిట్టి అవ్వ అని పిలిచిన ముసలావిడ, నన్ను ఇంకో మెట్టు దిగి "ఒరే బాబూ" అంది. సాయంత్రానికి నాకది హాయిగానే ఉంది. చోడి అంబలి, అదే రాగి జావ, ఇచ్చింది, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగాను.

మేం వెళ్లింది ఇటుకల పండగ రోజుల్లో. పేరుకే ఇటుకలు, ఇది మన్యంలో వేసవి వేట పండగ. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని వేటకని అడివికి పోతారు. వట్టి చేతుల్తో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి పరువు తీస్తారట. మగవాళ్లు లేని ఆ రోజుల్లో ఊళ్లూ రోడ్లూ ఆడవాళ్లవే. రోడ్డుకి అడ్డంగా గేటులా వాసం కట్టి వచ్చేపోయే బండ్లు ఆపి, పాడి, పండగ డబ్బులు పుచ్చుకుని వదుల్తారు. వీళ్ల ఊళ్లో పండగ పూజ అయ్యాకే కొత్త మామిడికాయ కొయ్యాలి. అంతవరకూ చెట్టు నిండా వేలాడుతున్నా పిల్లలు సైతం ముట్టరు. "మాది చర్చికెళ్లే ఇల్లే గానీ పండగ ఊరిది కదా అన్నయ్యా," అంది ఎస్తేరు. పూజ ఆ ముందురోజే అయింది. అందుకని ఊరి పిల్లలంతా ఇంటెదురు పల్లం అవతల మామిడిచెట్టు కిందే మకాం. ఉప్పూ కారం నూరి ఆకులో పెట్టుకుని ఒకటే తినడం.

చిట్టి అరుగు మీద నిలబడి చాలాసేపు అటే చూసింది. "నాన్నా... అక్కడికి."

నేను ఆ పల్లం చూశాను. వాన నీళ్లు కోసేసిన గట్టు, రాళ్లు, అడ్డంగా వేర్లు. పట్టు తప్పి తల రాతికి తగిలితే?

"వద్దమ్మా. రేపు," అన్నాను.

"వేలు ఇచ్చి తీసుకెళ్లండి, ఏటయిపోద్ది?" అంది రాధ. నేను కసిరాను. చిట్టి అరుగు అంచున కూర్చుంది. మామూలుగా అది పేచీ పెట్టదు, పేచీ పెడితే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

పొద్దున్న

ప్రయాణపు బడలికకి నాకూ రాధకీ మొద్దునిద్ర పట్టేసింది. మెలకువ వచ్చింది వాంతి శబ్దానికి. చిట్టి అరుగు అంచున వంగి కక్కుతోంది. ఒకసారి, వెంటనే మళ్లీ. మొహం తెల్లగా పాలిపోయింది.

 పొద్దున్నే, లేవగానే, వాంతి. రెండేళ్లుగా ప్రతి తెల్లవారుజామునా నేను చెవి వొగ్గి వింటున్నది ఈ శబ్దం కోసమే. ఏం కక్కిందో కూడా చూడలేదు, చూసే ధైర్యం లేదు. అవ్వ అప్పటికే దాని మీద బూడిద, మట్టి పోసేసింది.

"బేగి రా, బేగి!" అని అరిచాను రాధ మీద. సంచులు వదిలేసి పిల్లని దుప్పట్లో చుట్టి కారెక్కించాం. ఎస్తేరు నీళ్లకి వెళ్లింది, ఆమెతో చెప్పను కూడా లేదు. మేకపిల్లని ఎత్తుకుపోయినట్టు ఏమిట్రా ఈ పోక అని అవ్వ వెనకనించి కేకేస్తూనే ఉంది.

 దారి పొడుగునా డాక్టరుకి ఫోను కొడుతూనే ఉన్నాను, ఆ కొండల్లో సిగ్నలు లేదు. తీసుకొచ్చింది నువ్వే అని రాధని అనేద్దామని నోటి చివరిదాకా వచ్చింది. అద్దంలో తన మొహం చూసి మింగేశాను.

గేటు

తారురోడ్డు ఎక్కి కొంచెం దూరం పోగానే అడ్డంగా వాసం. వాసం వెనక పదిమంది దాకా ఆడవాళ్లు, జుట్లో పూలు, నవ్వులు. పాట ఎత్తుకున్నారు. నేను హారను మీద చెయ్యి తియ్యలేదు.

"పండగ బాబూ. ఏదో ఇయ్యి, ఎల్లు," అంది ముందున్న నడివయసామె.

"గుంటకి బాగోలేదు, ఆస్పత్రికి! తియ్యండి ముందు!" అన్నాను. 

ఆమె కారులోకి తొంగిచూసింది. నవ్వు ఆగిపోయింది. "ఓలమ్మ, ఎత్తండే, బేగి ఎత్తండి," అని వెనక్కి కేకేసింది. వాసం సగం లేచింది. అప్పుడే నా ఫోను మోగింది. సిగ్నలు ఉన్నది సరిగ్గా ఆ జాగాలోనే, డాక్టరు తిరిగి చేస్తున్నారు.

కిందికి దిగి అంతా ఒక్క గుక్కలో చెప్పాను. ఆయన తొణకలేదు. తలనొప్పి అంటోందా? లేదు. మత్తుగా ఉందా? లేదు, కిటికీలోంచి ఆడవాళ్లనే చూస్తోంది. "ముక్కు, వేలు చేయించండి," అన్నారు.

కారు తలుపు తీసి వేలు చాపాను. చిట్టి ముక్కు ముట్టుకుంది. నా వేలి కోసం చెయ్యి చాపింది. తప్పింది. మళ్లీ చేయించాను. మళ్లీ తప్పింది.

"తప్పుతోంది డాక్టర్," అన్నాను. రాధ వచ్చి నా ఫోనుకి చెవి ఆనించింది.

"సరే. కంగారు పడకండి. వేలు ఇవ్వకుండా నడిపించి చూడండి. ఒక పక్కకి ఒరిగిపోతోందేమో చూసి చెప్పండి."

వేలు ఇవ్వకుండా ఎప్పుడూ నడవలేదని చెప్పబోయాను. పైగా ఎక్కడ నడిపించను? ఒక పక్క లోయ, ఇంకో పక్క కాలవ, మధ్యన బండ్లు తిరిగే రోడ్డు. నేనలా దిక్కులు చూస్తుంటే ఆ నడివయసామెకి నా మాటల్లో సగం అర్థమైనట్టుంది. ఎత్తిన వాసాన్ని తనే కిందికి దించింది.

"నడిపించు బాబూ. ఏ బండీ రాదు. మేం ఆపుతాం," అంది.

ఇద్దరు ఆడవాళ్లు మా కారు వెనక్కి పరిగెత్తి చేతులు అడ్డం పెట్టి నిలబడ్డారు. వెనకొచ్చిన బస్సు హారను కొడితే, "నోర్ముయ్యి, పిల్ల నడత్తంది," అని డ్రైవరుని కసిరారు.  నలభై ఏళ్ల వయసున్న ఉద్యోగస్తుణ్ణి, ఏం చెయ్యాలో తెలీక ఫోను పట్టుకుని నిలబడ్డాను.

చిట్టిని రోడ్డు మధ్యన దించాం. వేలు లాక్కున్నాను. అది ఎప్పటిలాగే నిలబడిపోయింది, నా వేలు ఉండాల్సిన చోట గాలిని పట్టుకుని.

రాధ దాని చేతిలో పండగ నోటు పెట్టింది. "అదిగో, ఆ అత్తకి ఇచ్చిరా అమ్మా."

ఆమె వాసం ముందు గొంతుక్కూర్చుని చెయ్యి చాపింది. పిలవలేదు, చప్పట్లు కొట్టలేదు, ఊరికే కూర్చుంది. చిట్టి నావైపు ఓసారి చూసింది. కాళ్లు ఎడం చేసుకుంది. కదిలింది.

 మధ్యలో బాగా ఊగింది. ఆడవాళ్లందరి చేతులూ ఒక్కసారి లేచాయి, ఎవరూ పట్టుకోలేదు. ఒరగలేదు. ఆగి, సర్దుకుని, మళ్లీ నడిచి నోటు ఆమె చేతిలో పెట్టింది. రాధ పెద్దగా ఏడ్చేసింది.

ఆమె నోటు కళ్లకద్దుకుని, పక్కనున్న ఆకులోంచి ఉప్పూ కారం అద్దిన మామిడికాయ ముక్క తీసి పిల్లకి అందించింది. "ఇదిగో, పండగ కాయ."

చిట్టి చెయ్యి వెనక్కి పెట్టేసుకుంది. "వద్దు. పొద్దున్న... చాలా తిన్నాను."

ఫోను చెవి దగ్గరే ఉంది. నేను దాని దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాను.

"ఏం తిన్నావమ్మా? ఎక్కడ?"

"చెట్టు కింద. మామిడికాయ. కారం... ఎక్కువ."

"ఎవరు తీసుకెళ్లారు?"

"ఎవరూ కాదు. నేనే... వెళ్లాను." కాసేపు ఆగి ఊపిరి తీసుకుంది. గౌను కొంచెం ఎత్తి మోకాలు చూపించింది. ఎర్రమట్టి ఎండి ఉంది, దాని కింద దోక్కుపోయిన చర్మం. "పడ్డాను. లేచాను."

 రాధ ఫోను లాక్కుని డాక్టరుకి చెప్పింది. ఖాళీ కడుపున పచ్చి మామిడికాయలు తింటే పెద్దవాళ్లైనా కక్కుతారు, అన్నారట ఆయన. ఈ రోజుకి అక్కడే ఉండండి, రేపు పొద్దున్న మళ్లీ అయితే వెంటనే దిగండి, లేకపోతే స్కానుకి వచ్చే వారం మామూలుగా రండి. "వేలు ఎందుకు తప్పిందో మాత్రం నేనే చూస్తాను," అని కూడా అన్నారు. మాకు ఆ చివరి మాటే మిగిలింది.

ఇంకో పొద్దున్న

కారు వెనక్కి తిప్పాం. ఎస్తేరు నన్ను చడామడా తిట్టింది, అవ్వ అంబలి పోసింది. పిల్ల ఆ సాయంత్రం మెత్తగా ఉడకేసిన అన్నం తిని ఆడుకుంది. మర్నాడు దానికంటే ముందు లేవాలని గట్టిగా అనుకున్నాను. ఎప్పుడు కునుకు పట్టేసిందో, కళ్లు తెరిచేసరికి పక్క ఖాళీగా ఉంది.

ఒక్క గంతులో అరుగు మీదికొచ్చాను. అరుగు శుభ్రంగా ఉంది. వాంతి లేదు. పిల్లా లేదు.

పల్లం అవతల చెట్టు కింద పిల్లల మధ్యన కనబడింది పసుపు గౌను. నన్ను చూసి లేచి ఇటు బయల్దేరింది. గట్టు దగ్గర కాలు జారింది. నేను పరిగెత్తబోతుంటే రాధ వెనకనించి నా చొక్కా పట్టుకుంది.

"ఆగండి."

చిట్టి చేతుల మీద పడింది. అలాగే కాసేపు ఉంది. లేచింది, అరచేతులు గౌనుకి తుడుచుకుంది, వేర్లు పట్టుకుని గట్టెక్కి మా ముందుకొచ్చి నిలబడింది.

"ఆకలేస్తోంది," అంది. ఆగకుండా, ఒక్క ఊపిరిలో.

విశాఖపట్నం

కాఫీ పొడి, కొండ పసుపు కొనుక్కుని దిగొచ్చాం. ఘాట్ మీద రాధ మళ్లీ కక్కింది. స్కాను రోజు దాకా నేను చిట్టికి పరీక్ష పెట్టలేదు. మానుకున్నానని గొప్ప కాదు, మళ్లీ తప్పుతుందేమోనని భయం.

స్కానులో కొత్తగా ఏమీ లేదు. డాక్టరు ఆ ఫిల్ములు దీపం మీద పెట్టి చూపించి, మళ్లీ ఆరు నెలలకి అన్నారు. రాధ చేతులు జోడించింది. నేను మాత్రం కదల్లేదు.

"మరి ఆ రోజు వేలు తప్పింది కదా డాక్టర్? రెండుసార్లు."

ఆయన కుర్చీ ముందుకి జరుపుకుని తన వేలు చాపారు. చిట్టి ముక్కు ముట్టుకుంది, ఆయన వేలు ముట్టుకుంది. మళ్లీ ముక్కు, మళ్లీ వేలు. కొంచెం ఊగినా ఒక్కసారీ తప్పలేదు.

"మరి నాన్న వేలు ఎందుకమ్మా తప్పింది?" అన్నారాయన.

చిట్టి నావైపు, తర్వాత నా చేతివైపు చూసింది.

"నాన్న వేలు... ఊగిపోతుంది డాక్టర్," అంది. "నాన్నకి కూడా... స్కాను తియ్యండి."